ప్రేక్షకుని ధర్మం

నాటకం అనే మాట వినగానే మన మనస్సుకు తోచే చిత్రం ఒకటున్నది. ఎదుట వెలుతురు, మన వైపు చీకటి, నడుమ ఒక తెర. వెలుతురులో ఉన్నవారు మాట్లాడుతారు. చీకటిలో ఉన్నవారు వింటారు. తెర పడిన తరువాత వారి దారి వారిది, మన దారి మనది. ఈ ఏర్పాటుకు మనం ఎంతగా అలవాటు పడినామంటే, ఇది ఎవరో చేసిన ఏర్పాటు అన్న సంగతే మనకు తోచదు. నాటకమంటేనే ఇంత అనుకుంటాము. అయితే ఈ నడిమి గీతను చెరిపివేసి, ప్రేక్షకుణ్ణి చేయిపట్టి లోపలికి తీసుకొనిపోయే నాటకాలు కూడా ఉన్నవి. అటువంటి నాటకంలో ఒక సాయంకాలం నేను పాలుపంచుకొన్నాను. ఆ అనుభవాన్ని గురించి, అది నాలో లేవదీసిన ఒక ప్రశ్నను గురించి ఈ పూట శ్రోతలకు మనవి చేస్తాను.

ముందుగా నేను ఉండే చోటును గురించి రెండు మాటలు. హైదరాబాదు నగరంలో జూబ్లీహిల్స్, దానిని ఆనుకొని ఫిలింనగర్, తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నేడు పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిననాడు ఈ వైపున బండరాళ్లూ ముళ్లపొదలే ఎక్కువ. 1989లో రామానాయుడు స్టూడియో వచ్చినది. మద్రాసులో స్థిరపడిన నటులు, నిర్మాతలు, సాంకేతిక నిపుణులు ఒక్కొక్కరుగా తరలివచ్చినారు. ఇప్పుడు ఈ గుట్టల నడుమ ఏ వీధి మలుపు తిరిగినా ఒక డబ్బింగ్ థియేటరో, ఒక ఎడిటింగ్ గదో, ఒక నిర్మాణ సంస్థ కార్యాలయమో కనబడుతుంది. కోట్లమంది కంటితో చూసే వినోదం ఇక్కడ తయారవుతున్నది.

ఇంత వినోదం తయారయ్యే చోట ప్రేక్షకుని స్థానమెక్కడ? గేటు బయట. సినిమా హాలులో మనం ఈల వేయవచ్చు, కాగితాలు చించి ఎగరవేయవచ్చు, కంట తడిపెట్టవచ్చు, విసిగి లేచిపోవచ్చు. తెరమీది బొమ్మకు అవేమీ తెలియవు. నిన్న ఏమి మాట్లాడినదో నేడూ అదే మాట్లాడుతుంది. అంతేకాదు, కథలో జనం కావలసివచ్చినప్పుడు ఆ జనాన్ని కూడా కూలికి తెచ్చుకుంటారు. తెల్లవారుజామున మా దిగువనున్న కృష్ణానగర్ వైపు వెళితే, షూటింగు బండ్ల కొరకు కాచుకొని నిలబడిన జూనియర్ ఆర్టిస్టులు కనబడుతారు. సభలో చప్పట్లు కొట్టేవారు, పెళ్లిపందిట్లో అక్షతలు చల్లేవారు, చావింట్లో గోడవార కూర్చునేవారు, అందరూ వారే. కెమెరా వైపు చూడవద్దని, పిలవనిదే మాట్లాడవద్దని వారికి ముందే చెబుతారు. నోరు మెదపని బంధువులుగా కూర్చోవడం వారికి జీవనోపాధి. అందులో తప్పేమీ లేదు. అయితే అటువంటి బంధువుగా నేను కూలి లేకుండానే కూర్చున్న కథ ఒకటున్నది. ఇక దానిలోకి వస్తాను.

జూబ్లీహిల్స్‌లో ఒక పాత ఇల్లు. నేడో రేపో పడగొట్టి అంతస్తుల మేడ కట్టబోతున్నారు. కొందరు యువతీయువకులు ఆ ఇంటిని కొద్ది వారాలకు అడిగి తీసుకొని అందులో ఒక నాటకం ఆడుతున్నారని మా పక్కింటి అబ్బాయి చెప్పి, టిక్కెట్టు తానే తెచ్చి ఇచ్చినాడు. వేదిక లేదు, వరుసలుగా కుర్చీలు లేవు. పూటకు ఇరవైమందిని మించి రానివ్వరు. గేటు దగ్గర ఒక అమ్మాయి మా సెల్‌ఫోనులన్నీ ఒక బుట్టలో వేయించి, తలొక చీటీ చేతిలో పెట్టినది. "ఈ ఇంటి పెద్దాయన పోయి పన్నెండు రోజులైంది. మీరందరూ బంధువులు, ఇరుగుపొరుగులు. ఇంట్లో ఎక్కడికైనా వెళ్లవచ్చు. ఎవరైనా పలకరిస్తే మీకు తోచిన మాట చెప్పండి" అన్నది. నా చీటీలో "పిల్లల మేనమామ" అని వ్రాసి ఉన్నది.

లోపల పెద్దాయన ఫోటోకు దండ వేసి ఉన్నది. అగరువత్తుల వాసన, వంటింట్లోనుంచి కాఫీ వాసన. ముందు గదిలో ఇద్దరు కొడుకులు లెక్కలు చూసుకుంటున్నారు. వెనుక గదిలో తల్లి గోడకు ఆనుకొని కూర్చున్నది. కూతురు వంటింట్లో గ్లాసులు కడుగుతున్నది. ఒక గదిలో ఉన్నవారికి మరొక గదిలోని మాట వినబడదు. ఎవరి వెంట వెళితే వారి కథే తెలుస్తుంది. కనుక ఇరవైమందిమి ఒకే ఇంట్లో ఉండి ఇరవై విధాల నాటకం చూసినాము. నేను వంటింటి వైపు వెళ్లినాను. ఆ అమ్మాయి చేతికి కాఫీ ఇచ్చి, "మావయ్యా, పంచదార సరిపోయిందా?" అన్నది. కాఫీ నిజమైనదే, వేడిగా కూడా ఉన్నది. ఆ ఒక్క పిలుపుతో నా చేతులూ కాళ్లూ నాకు బరువైనవి. చీకటిలో కూర్చుని చూసేవాడికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవలెనో అన్న చింత ఉండదు.

తండ్రి మంచానపడిన మూడేళ్లూ తానే చూసుకున్నానని, ఇంటి వెనుక భాగం తనకు ఇస్తానని ఆయన అన్నారని ఆమె చెప్పినది. "అన్నయ్యలు కాగితం రాయించారట. సరేలే, నువ్వున్నావుగా మావయ్యా" అని గ్లాసు అందుకొన్నది.

కొంతసేపటికి అందరినీ హాలులోకి పిలిచినారు. పెద్దకొడుకు కాగితం చదివినాడు. తనకు ఏ భాగమూ వద్దని చెల్లెలు వ్రాసి ఇస్తున్నట్లు అందులో ఉన్నది. ఆమె కలం చేత పట్టుకొని, ఎవరి వైపూ చూడక, నా వైపు తిరిగి, "మావయ్యా, సంతకం పెట్టమంటావా?" అన్నది. గదిలో ఉన్నవారందరూ నన్నే చూస్తున్నారు. పొరుగింటావిడ చీటీ వచ్చిన ఒక పెద్దావిడ ఏదో అనబోయి, మేనమామ ఉండగా తనకెందుకని కాబోలు, ఆగిపోయినది. నాకు తోచిన మాట చెప్పే స్వేచ్ఛ నాకున్నదని నాకు తెలుసు. ఇదంతా కల్పన అనీ తెలుసు. అయినా నాలుక కదలలేదు. చివరకు, "నీ ఇష్టం అమ్మా" అన్నాను. ఆమె ఒక క్షణం నా ముఖం చూసి, సంతకం పెట్టి, గ్లాసులన్నీ ఏరుకొని లోపలికి వెళ్లిపోయినది. నాటకం అయిపోయినది.

తరువాత పెరట్లో టీ ఇస్తూ ఆ నటి నాతో మాట్లాడినది. ప్రతిరోజూ ఆ ప్రశ్న ఆమె మేనమామ చీటీ వచ్చినవారినే అడుగుతుందట. జవాబును బట్టి మూడు విధాల ముగింపులు సిద్ధం చేసుకున్నారట. ఒకాయన కాగితం లాగి చించివేసినాడట. మేనత్త చీటీ వచ్చిన ఒకావిడ, "ముందు అందరూ లేచి అన్నాలు తినండి, రేపు మాట్లాడుకుందాం" అని సభను లేపివేసినదట. "మీలాగా 'నీ ఇష్టం' అనేవారే ఎక్కువ అండీ" అని ఆమె ఏ నిష్ఠూరమూ లేకుండా అన్నది. ఆ మాట నాకు గుచ్చుకొన్నది. ఎందుకు గుచ్చుకొన్నదో చివర మనవి చేస్తాను.

ప్రేక్షకుడు నాటకంలో అడుగుపెట్టడం కొత్త వింత అని కొందరు అనుకుంటున్నారు. నిజానికి మన శాస్త్రం చెప్పే మొట్టమొదటి నాటక ప్రదర్శనలోనే ఈ సమస్య వచ్చినది. భరతుని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఆ కథ ఉన్నది. ఇంద్రధ్వజోత్సవం నాడు దేవతలు గెలిచినట్లు, రాక్షసులు ఓడినట్లు నాటకమాడినారు. చూడవచ్చిన రాక్షసులకు కోపం వచ్చినది. విరూపాక్షుని ముందుంచుకొని విఘ్నులనేవారు మాయచేత నటుల మాటను, నడకను, జ్ఞాపకాన్ని స్తంభింపజేసినారు. ఇంద్రుడు ధ్వజం ఎత్తి వారిని కొట్టవలసివచ్చినది, అదే జర్జరమైనది. ఆ తరువాతనే బ్రహ్మ విశ్వకర్మను పిలిచి నాట్యగృహం కట్టించినాడు. అంటే, నాటకశాలకు గోడలు ఏర్పడినది ప్రేక్షకుల వలననే. అంతటితో ఆగక బ్రహ్మ ఆ రాక్షసులను దగ్గరకు పిలిచి, నాట్యం మీ ఒక్కరిది గాని దేవతల ఒక్కరిది గాని కాదు, మూడు లోకాల భావాలనూ చూపేది అని నచ్చజెప్పినాడు. కొట్టి వదలలేదు, నచ్చజెప్పినాడు. ఇది గమనించవలసిన విషయం.

అదే గ్రంథం ఇరవైయేడవ అధ్యాయంలో నాటకం సిద్ధి పొందినదా లేదా అని ఎట్లా తెలుసుకోవలెనో చెప్పబడినది. మానుషసిద్ధికి గురుతులన్నీ ప్రేక్షకునిలోనే ఉన్నవి: చిరునవ్వు, పెద్ద నవ్వు, "సాధు" అనడం, "కష్టం" అనడం, ఒడలు పులకరించడం, లేచి నిలబడడం, ఉత్తరీయమో ఉంగరమో విసరివేయడం. ఎదుటివాని సంతోషానికి సంతోషించి, దుఃఖానికి దుఃఖించేవాడే ప్రేక్షకుడని భరతుని మతం. చూపుతో పని తీరిపోదు, బదులు పలకవలెను.

మన తెలుగు ఆటలు ఈ మర్మం ఎరిగినవే. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెరమీదుగా జడ వేసి సభనే సవాలు చేస్తుంది. మాధవి, నీ మగని పేరేమని అడిగితే, ఇంతమంది పెద్దల నడుమ ఎట్లా చెప్పేదని సిగ్గుపడుతుంది. ఆ ఒక్క సిగ్గుతో అరుగులమీద కూర్చున్నవారందరూ ఆమెకు అత్తవారివైపు పెద్దలైపోతారు. ఒక చీటీ ఇవ్వకుండానే సభకు పాత్ర ఇవ్వడం అంటే అది.

పగటివేషాల సంగతి మరీ ముచ్చటైనది. వేదిక అక్కరలేదు, రాత్రి కానక్కరలేదు. వేషగాడు తిన్నగా మీ వీధిలోకి, మీ వాకిటిలోకి వస్తాడు. ఒకనాడు బుడబుక్కలవాడు, ఒకనాడు ఫకీరు, ఒకనాడు సోమయాజులూ సోమిదేవమ్మా. అర్ధనారీశ్వర వేషంలో ఒక ముఖంలోనే ఇటు పార్వతి, అటు శివుడు. వేషగాడు గడప దగ్గర నిలిచి ఇంటి ఇల్లాలిని పలకరిస్తాడు. ఆమె తడుముకోకుండా బదులిస్తే ఆట రక్తికడుతుంది. వచ్చినది వేషమో నిజమో అని ఇంటివారు తికమకపడిన ఘట్టాలే వేషగానికి బిరుదులు. కొన్నాళ్లు ఊరిలో ఉండి, చివరినాడు అసలు రూపంతో వచ్చి సంభావన తీసుకుంటాడు. ఇల్లే రంగస్థలమైన కళ మనకు కొత్త కాదు.

చిత్తూరు ప్రాంతంలో భారతం జరిగే ఊళ్లలో ఊరు ఊరంతా పాత్రధారులే. ధర్మరాజు, ద్రౌపదీదేవి ఆలయాల దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసురవధ నాడు భీముడు బండి ఎక్కి వీధివీధి తిరుగుతాడు. ఇల్లిల్లూ అన్నమో పిండివంటో తెచ్చి ఆ బండిలో వేస్తుంది. అర్జునుని తపస్సునాడు వేషధారి ఎత్తయిన మాను ఎక్కి పైనుండి నిమ్మకాయలు, పూలు, విభూతి చల్లుతుంటే, సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో కింద కాచుకొని ఉంటారు. చివరినాడు నేలమీద పెద్ద మట్టిబొమ్మగా దుర్యోధనుడు పడి ఉంటాడు. భీముడు తొడ పగులగొట్టగా ద్రౌపది జడ ముడుచుకుంటుంది. అటుపిమ్మట అగ్నిగుండం. బండిలో అన్నం వేసిన ఇల్లాలికి నేను నాటకం చూసినానన్న తలంపు ఉండదు. ఏకచక్రపురంలో తన ఇంటి వంతు తీరినదనే ఉంటుంది.

తిరుపతి గంగమ్మ జాతరను గురించి ఇప్పుడు దేశమంతటా తెలిసినది. 2024 డిసెంబరులో విడుదలైన "పుష్ప 2" చిత్రంలో కథానాయకుడు చీర కట్టి, ఒడలెల్ల రంగు పూసుకొని ఆడిన ఘట్టం ఆ జాతర నేపథ్యంగా తీసినదే. ఆడవారిని చెరబట్టే పాలెగాణ్ణి వెదకుతూ అమ్మవారు మారువేషాలు వేసినదని కథ. ఏటా మే నెలలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వంటి వేషాలు వరుసగా నడుస్తవి. పురుషులు మొక్కుకొని చీరలు కట్టుకుంటారు. కైకాల వంశీయులు అమ్మవారి వేషాలతో ఇల్లిల్లూ తిరుగుతుంటే గృహిణులు ఎదురేగి పాదాలు కడిగి హారతి ఇస్తారు. సినిమా చూసిన మనకూ, చెంబుతో నీళ్లు పోసిన ఆ గృహిణికీ భేదం ఏమిటి? మనం టిక్కెట్టు కొన్నాము, ఆమె ఒక పని చేసినది. ఆమె చేయకపోతే ఆ ఘట్టం పూర్తికాదు. మనం వెళ్లకపోయినా సినిమా పూర్తిగానే ఉంటుంది.

పోతే, ప్రేక్షకుడు చేయవలసిన పని నీళ్లు పోయడంతోనే ఆగదని చెప్పే పాత కథ ఒకటున్నది. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫియతులలో మాచుపల్లి కైఫియతు ఒకటి. పదహారవ శతాబ్ది ఆరంభంలో సిద్ధవటం సీమను ఏలుతున్న సంబెట గురవరాజు పన్నుల కొరకు స్త్రీలను ఘోరంగా హింసించేవాడట. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు ఆ దారుణం చూసినారు. విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట ఆడినప్పుడు, పురాణకథకు బదులు ఆ గురవరాజు వేషమే కట్టి, తాము కన్నది కన్నట్లు ఆడి చూపినారు. ఇది ఏమి ఆట అని రాయలు అడిగి, నిజం తెలుసుకొని, సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించినాడని ఆ కైఫియతు చెబుతున్నది. భాగవతులు రాయలను అడిగినదీ, ఆ వంటింటి అమ్మాయి నన్ను అడిగినదీ ఒక్కటే: చూసినావు గదా, ఇప్పుడేమంటావు? రాయలు "మీ ఇష్టం" అనలేదు.

పరదేశాలలో ఈ పద్ధతి ఇప్పుడు బహుళ ప్రచారంలో ఉన్నది. 2000లో ఇంగ్లండులో ఫీలిక్స్ బారెట్ స్థాపించిన పంచ్‌డ్రంక్ అనే నాటక సంస్థ షేక్‌స్పియరు "మాక్‌బెత్" కథను తీసుకొని "స్లీప్ నో మోర్" అనే ప్రదర్శన రూపొందించినది. న్యూయార్కులో 2011లో మొదలై 2025 జనవరి దాకా అది నడిచినది. కొన్ని పాత గిడ్డంగులను ఒక హోటలుగా మార్చినారు. ప్రేక్షకులందరికీ తెల్లని ముసుగులు తొడిగినారు. ముసుగు వేసుకొని, మాట్లాడకుండా, మెట్లెక్కి దిగుతూ ఏ పాత్ర వెంట కావలెనంటే ఆ పాత్ర వెంట పోవచ్చు. బల్లసొరుగు తెరిచి ఉత్తరాలు చదవవచ్చు. అక్కడ ప్రేక్షకుడు లోపలికి వచ్చినాడు గాని, దయ్యంవలె వచ్చినాడు. అన్నీ చూస్తాడు, దేనికీ జవాబుదారీ కాడు.

దీనికి ఎదురు దిక్కున బ్రెజిల్ దేశీయుడు ఆగస్టో బోఆల్ నిలిచినాడు. 1973లో ఆయన పెరూ దేశంలో అక్షరాస్యతా కార్యక్రమంలో ఉండి పేదల నడుమ నాటకాలాడిస్తున్నాడు. కథ మధ్యలో ఆపి, ఇప్పుడు ఈ పాత్ర ఏమి చేయవలెనో చెప్పండి అని ప్రేక్షకులను అడగడం, వారు చెప్పినట్లు నటులు ఆడడం ఆయన పద్ధతి. ఒకనాడు, మొగుడు మోసం చేసిన ఇల్లాలి కథ నడుస్తున్నది. ప్రేక్షకులలో ఒక బలమైన ఆడమనిషి, అతనితో గట్టిగా మాట్లాడవలెనన్నది. నటి ఎన్నివిధాల ఆడినా, నేను చెప్పినది అది కాదన్నది. చివరకు బోఆల్, అయితే నీవే వచ్చి చూపమన్నాడు. ఆమె వచ్చి చీపురు అందుకొని, మొగుని వేషగాణ్ణి నాలుగు తగిలించి, ఆ తరువాతనే మాట్లాడినదట. ఆనాటి నుండి ప్రేక్షకుడే వచ్చి పాత్రను ఆడి చూపే నాటకపద్ధతి పుట్టినదని బోఆల్ స్వయంగా చెప్పుకొన్నాడు. బ్రతుకులో చేయవలసిన దానిని ముందుగా ఆటలో చేసి చూసుకోవడం ఆయన ఉద్దేశం.

ఇప్పుడు ఈ ఉదాహరణలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, నాటకంలో అడుగుపెట్టిన ప్రేక్షకుడు చేయగల తప్పులు రెండని నాకు తోచినది. ఒకటి విఘ్నుల తప్పు: కథ తన మాట వినడం లేదని నటుల నోరు కట్టివేయడం. నేటి కాలంలో కూడా ఇటువంటివారున్నారు. తెలివి చూపవలెనని నటుని మాటకు అడ్డు తగిలేవారు, వేషంలో ఉన్నది పరాయి మనిషి అని మరచి చేయిపట్టి లాగేవారు, పక్కవారిని నవ్వించడానికి కన్నీటి ఘట్టాన్ని పాడుచేసేవారు. ఎంత దగ్గరగా నిలబడినా ఎదుటనున్నది ఒక కళాకారుడని, ఆ శరీరం, ఆ మర్యాద వారివని మరువరాదు. అటువంటి నాటకానికి వెళ్లేవారు, పిల్లలను వెంట తీసుకొనిపోయే తల్లిదండ్రులు, ఈ ఒక్క నియమం ముందుగా చెప్పుకొని వెళ్లవలెను.

రెండవ తప్పు నాది. పిలిచి అడిగినప్పుడు మాట్లాడకపోవడం. మొదటి తప్పు అందరికీ కనబడుతుంది. రెండవది మర్యాదవలె, వినయంవలె కనబడుతుంది. చీకటిలో కూర్చున్నవాని మౌనానికి అర్థం లేదు. హాలులో నిలబడిన మేనమామ మౌనం మాత్రం ఒక సంతకం వంటిది. ఆ అమ్మాయి పెట్టిన సంతకం కింద కనబడని సాక్షి సంతకం నాదే.

ఇక ఆ నటి మాట నాకెందుకు గుచ్చుకొన్నదో చెప్పవలసి ఉన్నది. "నీ ఇష్టం అమ్మా" అన్న మాట నేను మొదటిసారి అన్నది ఆ ఇంట్లో కాదు. మా నాన్నగారు 1992లో పోయినారు. మాకు ఒక్కతే చెల్లెలు. ఆమెకు 1979లోనే పెళ్లయినది. 1985 సెప్టెంబరు 5 నుండి, నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వకాలంలో, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కూడా పుట్టుకతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం అమలులోకి వచ్చినది. అయితే అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. వారికి ఆ హక్కు 2005లో వచ్చిన కేంద్ర సవరణతో గాని అందలేదు. అంతమాత్రాన మా చెల్లెలికి అసలు హక్కే లేదనుకోరాదు. తండ్రి వాటాలో కుమార్తెకు కొడుకులతోపాటు భాగం 1956 నాటి చట్టమే ఇచ్చినది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, ఆ భాగం తనకు వద్దన్నట్లు వ్రాయించిన కాగితం ఆమె ముందు పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె కలం పట్టుకొని, "అన్నయ్యా, పెట్టమంటావా?" అన్నది. నేను, "నీ ఇష్టం అమ్మా" అన్నాను. ఆ మాటలో ఆమె ఇష్టం ఏమీ లేదు. మా లాభం ఉన్నది. ఆమె సంతకం పెట్టి, ఆ పూట అందరికీ వడ్డించి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయినది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆ ప్రసక్తి తేలేదు. పండుగకు పిలిస్తే వస్తూనే ఉన్నది.

ఈ విషయాన్ని నేను మరచిపోయినానని చెప్పలేను. దానిని చీకటిలో కూర్చుని చూడడం అలవాటు చేసుకొన్నాను. ఒక కొత్త చోట, పేరు కూడా తెలియని ఒక అమ్మాయి, నిజంగా నా మేనకోడలు కాని అమ్మాయి, కలం పట్టుకొని నావైపు తిరిగేవరకు అది కథగానే ఉండిపోయినది. మంచి సినిమాలు నేను చాలా చూసినాను. ఆస్తిపంపకాల కథలు చూసి కన్నీరు కూడా పెట్టినాను. ఆ కన్నీరు నన్ను ఏమీ అడగలేదు. ఈ నాటకం అడిగినది. చూసే కళ తక్కువదని నా అభిప్రాయం కాదు. చూసే కళ ఎంత గొప్పదైనా, అది మన జవాబు కొరకు ఆగదు. ఆగి అడిగే కళ అప్పుడప్పుడూ మనిషికి అవసరం.

మరునాడు పొద్దున చెల్లెలికి ఫోను చేసినాను. నాటకం సంగతంతా చెప్పినాను. చాలాసేపు విన్నది. "ఆ పిల్ల ఏం చేసింది చివరికి?" అని అడిగినది. "సంతకం పెట్టింది" అన్నాను. "పెట్టదూ మరి! మేనమామవి నువ్వైతే" అని నవ్వినది. ఆ నవ్వుకు నా దగ్గర బదులు లేదు. నా భాగంలోనుంచి ఆమెకు రావలసినది ఆమె పేర వ్రాయడానికి ఏర్పాటు చేస్తున్నానని చెప్పినాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. కొంతసేపటికి, "పిల్లల్ని అడిగావా? వదినను అడిగావా?" అన్నది. అడిగినానన్నాను. "అయితే సరే. ఈసారి సాక్షి సంతకం మాత్రం మాట్లాడేవాళ్ల చేత పెట్టించు అన్నయ్యా" అన్నది.

రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లే రోజు నిర్ణయమైనది. సాక్షులుగా ఇద్దరు కావలెను. ఒకరు మా పక్కింటి అబ్బాయి, ఆ టిక్కెట్టు తెచ్చి ఇచ్చినవాడు. రెండవవారిని చెల్లెలే పిలుచుకొని వస్తానన్నది.